దేహం దేవాలయమైతే మైదానానికి తాళమెందుకు?

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు కాస్త చెవిపెట్టి వినండి. పిల్లల పరీక్షలు, వీసాలు పోగా మిగిలేవి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, గుండెకు వేసిన స్టెంట్లు. పాస్టరుగారు చేతులెత్తి ప్రార్థిస్తారు, సంఘమంతా ఆమేన్ అంటుంది. గంట తిరక్కుండానే సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో బిర్యానీ, ఆపైన డబుల్ కా మీఠా. స్వస్థత కోసం ప్రార్థించాల్సిందే. కానీ ఒళ్లు వంచకుండా స్వస్థత అడగడం సగం విధేయతే.

'మీ దేహము పరిశుద్ధాత్మకు ఆలయమై యున్నది' అన్న వాక్యం మనవాళ్లకు కంఠస్థం. దాన్ని సారా మీద, సిగరెట్టు మీద, వ్యభిచారం మీద ఎక్కుపెడతాం. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే బతుకు మీదకు మాత్రం రానివ్వం. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చాక కూడా ప్రసంగాలు చెప్పే పుల్పిట్ మీద ఈ మౌనమేమిటి?

'శరీర సంబంధమైన సాధకము కొంచెముమట్టుకే ప్రయోజనకరమ'ని అపొస్తలుడు పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది కదా అంటారు పెద్దలు. భక్తి పక్కన పెడితే కొంచెమే, కాదనను. అద్దం ముందు కండలు చూసుకుని మురవడం భక్తి కాదన్నదీ నిజమే. అయితే కొరింథీయులకు పరుగుపందెం గురించి రాసి, 'నా శరీరమును నలగగొట్టి దానిని లోపరచుకొనుచున్నాను' అన్నదీ ఆ పౌలే. క్రీడలు తెలిసిన ఊరికి క్రీడల భాషలోనే చెప్పాడు.

అసలు తెలుగు నేల మీద సువార్త దేహాన్ని పక్కనపెట్టి ఎన్నడు నడిచింది గనుక? 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ముందు ప్రాణం నిలిచింది, ఆ తర్వాతే 1878 జులై 3న 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి బావి దగ్గర ఎవరి నీడ పడకూడదన్నారో ఆ మనుషుల ఒంటికి విలువ కట్టిన విశ్వాసమిది. నడుములు విరిగేలా నాట్లేసి, కోతలు కోసిన ఆ తాతలకు వ్యాయామం అక్కర్లేదు, అన్నం కావాలి. మనవళ్లకు అన్నం ఉంది, కదలికే లేదు. అప్పటి ఆపద ఆకలి, ఇప్పటి ఆపద ఇది. సంఘం రెండోదాన్ని చూడనట్టు నటిస్తే ఎలా?

మన పల్లెల్లో సాయంత్రం వల కట్టి ఆడే వాలీబాల్ 1895లో అమెరికాలో క్రైస్తవ యువజన సంస్థ వైఎంసీఏ ఉద్యోగి విలియం మోర్గాన్ రూపొందించిన ఆట. బాస్కెట్‌బాల్ సృష్టికర్త నైస్మిత్ వేదాంత విద్యార్థిగా చదివి అదే సంస్థలో చేరినవాడు. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ వ్యాయామ విద్య శిక్షణ మొదలుపెట్టిందీ వైఎంసీఏ నీడలోనే. దేశానికి డ్రిల్లు మాస్టార్లను తయారుచేసి పంపిన విశ్వాసం మనది.

మరి ఆ మైదానాలేవి? నన్ను మండించే సంగతి ఇదే. మిషనరీల కాలంనాటి మిషన్ కాంపౌండ్లలో బడి పక్కన, హాస్టలు వెనక విశాలంగా ఉండే ఆటస్థలాలు ఒక్కొక్కటే షాపింగ్ కాంప్లెక్సులుగా, ఫంక్షన్ హాళ్లుగా మారిపోతున్నాయి. లీజు ఎంతకిచ్చారో, ఎన్నేళ్లకిచ్చారో సంఘస్థుడికి తెలియదు. మిగిలిన చోట్ల గేటుకు తాళం. పేద పిల్లలు ఆడుకోవడానికి ఎవరో దానమిచ్చిన నేలను అద్దె లెక్కల్లోకి దించడం ఆస్తి వ్యవహారం కాదు, విశ్వాసఘాతం. ఇది పోతే మనం ఎన్ని ఫిట్‌నెస్ ప్రసంగాలు చేసినా ఆడపిల్ల పరుగెత్తడానికి చోటుండదు. జిమ్ము ఫీజు కట్టలేని కుటుంబాలే మన సంఘాల్లో ఎక్కువ.

తెల్లారి ప్రార్థన అయ్యాక ఓ గంట ఆ గేట్లు తీయండి. స్త్రీలకు విడిగా ఓ వేళ పెట్టండి. ప్రేమవిందులో మీఠా బదులు జామకాయ ముక్కలు పెడితే ఎవరి భక్తీ తగ్గదు. ఈసారి సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చినవారిని, మైదానాన్ని ఇంకెవరికీ లీజుకివ్వబోమని సంఘం ఎదుట రాసివ్వమనండి. రాసివ్వనివారికి ఓటు వేయకండి.