బ్రీదర్‌లోంచి ఆయిల్ వస్తే ఇంజన్ విప్పడమేనా?

బ్రీదర్ పైపులోంచి, అంటే ఇంజన్ లోపలి గాలి బయటకు పోయే గొట్టంలోంచి, ఆయిల్ కారుతోందని బండి తీసుకెళ్తే చాలు, చాలా షెడ్లలో వినిపించే మొదటి మాట "రింగులు పోయాయి, బోరు కొట్టించాలి". అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి, సిలిండర్ లోపలి గోడని కోయించి పెద్దది చేయించాలని. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లోని ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి చూసేది లేదు. కనీసం డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూపే పుల్ల) తీసి చూసేది లేదు. ఒకసారి ఇంజన్ విప్పాక ఇక వెనక్కి పోలేం. గాస్కెట్లు, పిస్టన్, లేత్ చార్జీ, లేబర్ అన్నీ కలిసి బిల్లు వేలల్లోకి వెళ్తుంది. ఈ పద్ధతి మీద నాకు నిజంగా కోపం. పైసా ఖర్చు లేకుండా తేల్చుకోగల కారణాలు ఇన్ని ఉండగా, వాటిని వదిలేసి నేరుగా స్పానర్ పట్టుకోవడం తప్పు.

ముందు బ్రీదర్ ఏం చేస్తుందో చూద్దాం. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350నే తీసుకోండి. బోరు (సిలిండర్ వ్యాసం) 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90. పిస్టన్ దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేస్‌లోని (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) గాలిని 346 సీసీ మేర నెడుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. ఉన్నది ఒకటే సిలిండర్ కాబట్టి, ఇది దిగుతుంటే పైకెళ్లి ఆ చోటు సర్దే ఇంకో పిస్టన్ లేదు. ఆ గాలి బ్రీదర్‌లోంచి బయటకు పోవాల్సిందే. పోతూ పోతూ లోపల ఎగిరే ఆయిల్ తుంపరను కొంచెం తీసుకుపోతుంది. అందుకే పైపు చివర కాస్త తడి కనిపించినంత మాత్రాన అది జబ్బు కాదు. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీసి, అక్కడ గాలి తంతుంటే "చూశారా, కంప్రెషన్ మొత్తం కిందికి దిగిపోతోంది" అని భయపెడతారు. ఇవాళే షోరూమ్ నుంచి తెచ్చిన సింగిల్ సిలిండర్ బండి మూత తీసినా గాలి తన్నుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్న ఆయిల్ వస్తోందా అని కాదు, ఎంత వస్తోందని. పైపు శుభ్రంగా తుడిచి, దాని చివర ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో పెట్టి గట్టిగా కట్టండి. సీసాకి పైన ఒక చిల్లు తప్పకుండా ఉండాలి, గాలి పోవాలి కదా. సైలెన్సర్‌కి తగలకుండా, వెనక టైరు మీద చుక్క పడకుండా చూసుకోండి. రోజూ తిరిగే దారిలోనే నాలుగు రోజులు తిరిగి చూడండి. అడుగున చెంచాడు చేరితే వేరు, సీసా నిండితే వేరు.

ఎక్కువే వస్తోందని తేలితే, తర్వాత చూడాల్సింది ఆయిల్ లెవెల్. నా అనుభవంలో ఎక్కువ సార్లు కథ ఇక్కడే తేలిపోతుంది. చాలా బళ్ల మాన్యువల్‌లో ఆయిల్‌కి రెండు అంకెలు ఉంటాయి: డ్రెయిన్ చేసినప్పుడు పోయాల్సింది ఒకటి, ఇంజన్ మొత్తం విప్పి బిగించినప్పుడు పోయాల్సింది ఇంకొకటి. రెండోది ఎక్కువ. సర్వీసులో డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఒంపేస్తే లెవెల్ దాటిపోతుంది. ఇంకో పొరపాటు సైడ్ స్టాండ్ మీద చూడటం. బండి ఎడమకి వాలుతుంది, ఆయిల్ కూడా అటే పోతుంది, లెవెల్ చూసేందుకు కుడివైపున్న గాజు కిటికీలో తక్కువ కనిపిస్తుంది. తక్కువుందని ఇంకాస్త పోస్తాం. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి చిలికి బ్రీదర్‌లోంచి బయటికి తోసేస్తుంది.

కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ల సంగతి ఇంకా ప్రత్యేకం. వాటిది డ్రై సంప్, అంటే ఆయిల్ క్రాంక్ కింద నిలవ ఉండదు. ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, ఇంజన్ కేసింగ్‌లోనే సిలిండర్ వెనక ఒక గది ఉంటుంది. ఒక పంపు అక్కడి నుంచి ఆయిల్‌ని ఇంజన్‌కి పంపుతుంది, ఇంకో పంపు కింద చేరినదాన్ని మళ్లీ ఆ గదికే తోడుతుంది. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ఆ గదిలోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా కిందికి, క్రాంక్ దగ్గరికి జారిపోతుంది. సంక్రాంతికి ఊరొచ్చి షెడ్డులో ఉన్న బుల్లెట్ మీద కప్పిన గోనె తీసేవాళ్లకి ఎదురయ్యేది ఇదే. డిప్‌స్టిక్ తీస్తే కొస వరకు పొడిగా ఉంటుంది. "అయ్యో, ఆయిలే లేదు" అని అర లీటరో లీటరో పోసేస్తారు. కిక్ కొట్టి స్టార్ట్ చేయగానే కింద ఉన్నది కూడా పైకి వస్తుంది, గది నిండిపోతుంది, మిగతాది బ్రీదర్‌లోంచి నేల మీదికి. మా బాబాయి బండికి సరిగ్గా ఇదే జరిగితే, ఒక షెడ్డులో ఇంజన్ దించేశారు. విప్పాక చూస్తే బోరు బాగానే ఉంది. పని మాత్రం చేసేశారు, డబ్బులూ తీసుకున్నారు. ఈ బళ్లకి లెవెల్ చూసే పద్ధతే వేరు: ముందు ఇంజన్ కొంతసేపు నడవాలి, ఆపాక కాసేపాగి చూడాలి. పొడి డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోయకూడదు.

లెవెల్ ఎక్కువుంటే ఒకసారి వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన వచ్చి, ఆయిల్ నీళ్లలా పల్చగా ఉంటే, కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవడం లేదు, పెట్రోల్ ట్యాప్ కూడా తెరిచే ఉంచారన్నమాట. పెట్రోల్ సిలిండర్‌లోకి, అక్కడి నుంచి రింగుల పక్కగా కిందికి చేరింది. ఆ స్థితిలో బండి స్టార్ట్ చేయొద్దు. బేరింగులు పాడవుతాయి. ఆయిల్ మొత్తం మార్చి, నీడిల్ సంగతి చూసుకోవాలి.

పైపులో తెల్లటి జిగురు మడ్డి కనిపిస్తే అది వేరే విషయం. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ ఆవిరై పోదు, ఆయిల్‌తో కలిసి అలా అవుతుంది. గాలితో చల్లబడే బండిలో కూలెంట్ ఉండదు కాబట్టి ఇందులో భయపడేది లేదు, అప్పుడప్పుడు లాంగ్ రైడ్ కొడితే చాలు. రేడియేటర్ ఉన్న బండికైతే మాత్రం కూలెంట్ తగ్గుతోందా అని చూడాలి.

కొన్ని బుల్లెట్‌లలో బ్రీదర్‌కి బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వ్ ఉంటుంది. గాలి బయటకు పోవాలి, వెనక్కి రాకూడదు, దాని పని అంతే. రబ్బరు గట్టిపడినా చిరిగినా గాలి రెండువైపులా తిరుగుతుంది, ఆయిల్ ఎక్కువ కక్కుతుంది. తీసి కడిగి, ఒకవైపు నుంచి ఊది చూడండి, ఇంకోవైపు నుంచి ఊది చూడండి. మార్చాల్సి వచ్చినా అది చిన్న రబ్బరు ముక్క.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పైపుకి బోల్టు బిగించి మూసేయడం. కారడం ఆగిందని ఓనర్ సంతోషిస్తాడు. గాలికి దారి లేక అది సీళ్లని, గాస్కెట్లని నెట్టుకుని బయటికొస్తుంది. మొన్నటి వరకు ఒక చోట కారిన ఆయిల్ ఇప్పుడు నాలుగు చోట్ల కారుతుంది. దయచేసి ఎవరినీ ఈ పని చేయనివ్వకండి.

ఇవన్నీ చూశాక కూడా ఆయిల్ ఆగకపోతే, పికప్ తగ్గి, యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంటే, అప్పుడు రింగుల్ని అనుమానించండి. అప్పుడు కూడా ముందు కంప్రెషన్ గేజ్ పెట్టించండి. ఇంజన్ వేడిగా ఉండాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కిక్ కొట్టాలి. రీడింగ్ తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. ఈసారి రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. పది నిమిషాల పని ఇది. ఆ రెండు రీడింగులు మీ కళ్ల ముందు చూపించమని అడగండి. చూపించి, అరిగిందని తేలిస్తే వెంటనే విప్పించండి, వాయిదా వేయొద్దు. గేజే లేదంటే బండి వెనక్కి తెచ్చుకోండి.