సవరణ: పక్షవాతం ఏ రకమో లక్షణాలను బట్టి తేలదు

పక్షవాతం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉంటే మెదడులో రక్తస్రావమనీ, లేకపోతే రక్తనాళం పూడుకుపోయినట్టనీ, ఆ రెండో సందర్భంలో ఇంట్లోనే ఆస్పిరిన్ ఇవ్వవచ్చనీ పేర్కొన్నాను. అది నా పొరపాటు. ఆ లక్షణాలు రక్తస్రావంలో ఎక్కువగా కనిపించే మాట నిజమే అయినా, చిన్న రక్తస్రావం తలనొప్పి లేకుండానే మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, మాట తడబడటంతో మొదలు కావచ్చు కనుక, స్కానింగ్ చేయనిదే రకాన్ని నిర్ధారించలేమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తస్రావంలో ఆస్పిరిన్ ఇస్తే అది పెరిగే ప్రమాదం ఉంది. మింగడం కష్టమైన రోగికైతే నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు.

సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే పక్షవాతం కానట్టేనని కూడా కొందరు నా రాతను అర్థం చేసుకున్నారు. సీటీ తాజా రక్తస్రావాన్ని వెంటనే చూపుతుంది గానీ, పూడిక వల్ల దెబ్బతిన్న భాగం తొలి గంటల్లో అందులో కనిపించకపోవచ్చు. డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ అనే ప్రత్యేక రకం ఎంఆర్‌ఐ స్కాన్ దాన్ని చాలా ముందుగా పట్టగలదు, అదీ నూటికి నూరుపాళ్లు కాదు. రక్తనాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణంగా ఉన్న 4.5 గంటల గడువును రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి లెక్కిస్తారు, లక్షణాలు మన కంటపడిన సమయం నుంచి కాదు.