హార్విచ్ థియేటర్ మెసేజ్ పంపేవాళ్ళూ, ఒక్కసారి సీలింగ్ పైకి చూడండి

ఇంగ్లండ్‌లో హార్విచ్ అనే రేవు ఊళ్ళో ఎలక్ట్రిక్ ప్యాలెస్ అని ఓ పాత సినిమా హాలుంది. ఇప్పుడది ఊరివాళ్ళ ట్రస్టు చేతిలో ఉంది. సినిమాలతోపాటు సంగీత కచేరీలూ జరుగుతాయి. దాని ఫోటో కింద ఓ పొడుగాటి మెసేజ్ గ్రూపుల్లో తిరిగి తిరిగి మళ్ళీ వచ్చింది. "ప్రపంచంలో మొట్టమొదటి సినిమా హాలు. 1911 నుంచి ఒక్కరోజూ ఆట ఆగలేదు. ఊరివాళ్ళు చందాలేసుకుని కొనుక్కున్నారు. అందరూ ఉచితంగా పనిచేస్తారు గనక ఖర్చే లేదు. ఆనాటి కట్టడం, రిపేరన్నది ఎరగదు. మనమేమో థియేటర్లు పడగొట్టి కల్యాణమండపాలు కడుతున్నాం." ఇదీ సారాంశం.

మొదటిది కాదు. సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరులు ప్యారిస్‌లో టిక్కెట్టు పెట్టి బొమ్మ చూపించింది 1895లో. అంతదూరం ఎందుకు, కోల్‌కతాలో జె.ఎఫ్. మదన్ అనే వ్యాపారి 1907కే ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ అనే సినిమా హాలు పెట్టేశాడు.

ఆట ఆగలేదట! 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి హార్విచ్‌ను ముంచింది. 1956లో హాలు మూతపడింది. మళ్ళీ తెరమీద బొమ్మ పడింది 1981లో. మధ్యలో పాతికేళ్ళు. రాసినాయన క్యాలెండర్‌లో ఒక్కరోజంటే ఎంతో మరి.

చందాలు తర్వాతి మాట. ముందు పడగొట్టకుండా ఆపాలి. 1972లో దాన్ని రక్షిత కట్టడాల జాబితాలోకి ఎక్కించాకే ట్రస్టు వచ్చింది. ఇక వాలంటీర్లున్నారన్నది నిజమే. వాళ్ళు లేకపోతే ఆ హాలు లేదు. కానీ టిక్కెట్లు చింపే మనిషి ఉచితంగా వచ్చాడని డిస్ట్రిబ్యూటర్ షేర్ మానుకోడు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు ఆగవు. ప్రొజెక్టర్‌లో జినాన్ ల్యాంప్ గంటల లెక్కన అరిగిపోతుంది, గంటలు నిండితే మార్చి తీరాలి.

అసలు ప్రమాదం "రిపేరన్నది ఎరగదు" అనే ముక్కతోనే. ఆ కాలపు హాళ్ళ సీలింగ్ సిమెంటు కాదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో గోనెపట్టా, సన్నటి చెక్కబద్దలూ పెట్టి అచ్చుపోసిన పలకలు. వాటిని పైదూలాలకు వేలాడదీసేది కూడా గోనెపట్టే. ప్లాస్టర్‌లో ముంచిన గుడ్డ కట్లు, అంతే. పైకప్పు కారితే, దాని వాననీటి కాలువ పూడి నీళ్ళు నిలిస్తే గోనె చీకిపోతుంది. ఒక కట్టు తెగితే దాని బరువు పక్క కట్టు మీద పడుతుంది, అదీ తెగితే ఆ పక్కదాని మీద. కింద కూర్చున్నవాడికి కొత్త రంగు, బంగారు పువ్వులు తప్ప ఏమీ కనిపించవు. లండన్‌లో 1901 నాటి అపోలో థియేటర్ సీలింగ్ 2013 డిసెంబరు 19న నాటకం నడుస్తుండగానే జనం మీద పడింది. డెబ్భై మందికి పైగా గాయపడ్డారు. కారణం ఈ గుడ్డ కట్లు చీకిపోవడమే. ఆ తర్వాత అక్కడి పాత హాళ్ళ సీలింగ్ తనిఖీ మరింత కట్టుదిట్టమైంది. మన మెసేజ్ హీరో ఎలక్ట్రిక్ ప్యాలెస్ కూడా సీలింగ్ పనికోసమే చాలాకాలం తలుపులు మూసుకుంది, అక్కడి జాతీయ లాటరీ డబ్బులోంచి పాత కట్టడాలకిచ్చే గ్రాంటు తెచ్చుకుంది. రిపేరెరగని కట్టడం!

చూడాల్సింది కింది నుంచి కాదు, పైనుంచి. దూలాల మీద అడ్డంగా చెక్కలు పరుచుకుని వాటి మీదే నడవాలి. ప్లాస్టర్ మీద కాలు పెడితే మనిషీ, పలకా కలిసి కిందికొస్తారు. ముందు దుమ్ము తీయాలి, దాని కిందే కట్లు దాక్కుంటాయి. సీలింగ్‌ను గళ్ళుగా విడగొట్టి, ప్రతి కట్టునూ టార్చితో చూసి, చేత్తో మెల్లగా కదిపి, నల్లబడినవీ పీచులు లేచినవీ మ్యాపు మీద గుర్తేయాలి. కారే చోటు బాగుచేయకుండా కట్టు మారిస్తే డబ్బు దండగ. కొత్త స్పీకర్లో, ఏసీ డక్టో ఆ సీలింగ్‌కే తగిలించాలనుకునే మహానుభావుణ్ణి నిచ్చెన దగ్గరే ఆపాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రిపేర్లు లేకపోవడమే ఒక రకంగా ఆ హాలును కాపాడింది. మూతపడ్డ పాతికేళ్ళలో ఎవరి దగ్గరైనా డబ్బుంటే లోపలంతా పీకేసి బింగో (మన తంబోలా లాంటి ఆట) హాలు చేసేవాళ్ళు, ఆ రోజుల్లో బ్రిటన్‌లో బోలెడు థియేటర్లకు అదే గతి. ఎవరూ పట్టించుకోలేదు గనకే మూకీల నాటి తెర, హాలు ముందువైపు అలంకారం, ప్రేక్షకులకు దూరంగా కట్టిన ప్రొజెక్షన్ గది మిగిలాయి. ఆ గది అలా విడిగా ఉండటం ముచ్చటకు కాదు. అప్పటి నైట్రేట్ రీలు కాలడానికి కావలసిన ఆక్సిజన్ తనలోనే ఉంచుకుంటుంది, నీళ్ళు పోసినా ఆరదు. అందుకే 1909 నాటి బ్రిటిష్ సినిమా చట్టం గదిని వేరుచేయమంది.

కల్యాణమండపాల మాటా నిజమే. ఎలాగూ ఆపరు గనక పంపుకోండి, కానీ ఆ రిపేరు వాక్యం కొట్టేసి పంపండి. ఆ మెసేజ్ చూసి ఏ ఊళ్ళోనో నలుగురు కలిసి పాత హాలు కొంటే, తాళం చెవి చేతికొచ్చిన రోజు వాళ్ళు ముందు ఎక్కాల్సింది స్టేజీ కాదు, అటక.