మా చౌరస్తాకి ఇంకా అర్హత రాలేదు

మా చౌరస్తా డేంజర్‌గా ఉంది, సిగ్నల్ పెట్టండి అని కాలనీ వాళ్లు ఊరికే గోల చేస్తున్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, రూల్సే చదవలేదు. జాతీయ రహదారి మీద ఒక చోటు బ్లాక్‌స్పాట్, అంటే ప్రమాదాల చోటు, అనిపించుకోవాలంటే దాదాపు 500 మీటర్ల పరిధిలో, మూడేళ్లలో, చావో తీవ్ర గాయమో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది పోవాలి. కేంద్ర రవాణా శాఖ రాసిపెట్టిన లెక్క ఇది. రేషన్ కార్డుకి ఆదాయ పరిమితి ఉన్నట్టే చౌరస్తాకీ ఒకటుంది. అర్హత లేకుండా అప్లికేషన్ పెడితే ఆఫీసు వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పాపం!

మేం ఉండేది ఉప్పల్ దాటాక వరంగల్ హైవే మీద. 2018లో పనులు మొదలైన ఫ్లైఓవర్ పిల్లర్లే మాకు కొండగుర్తు. కాలనీ రోడ్డు వచ్చి కలిసేచోట పొద్దున తొమ్మిదింటికి స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకర్, రాంగ్ రూట్‌లో ఆటో, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న బైకు కుర్రాడు, వీళ్లందరి మధ్య చెయ్యి అడ్డంగా చాపి దేవుడి మీద భారం వేసి దాటే ఓ పెద్దమ్మ. దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. దేశమంతా ఇంత కష్టపడుతుంటే మా లెక్క మాత్రం ఎందుకు నిండట్లేదు?

తప్పు మనదే. మనం కాంప్రమైజ్ అయిపోతాం. పడ్డవాడిని లేపి, నీళ్లు తాగించి, గుద్దినవాడి దగ్గర రెండు వేలు ఇప్పించి, "పోనీలే అన్నా, కేసంటే స్టేషన్ చుట్టూ తిరగాలి" అని ఇద్దర్నీ ఇంటికి పంపిస్తాం. ఎఫ్‌ఐఆర్ లేదు కాబట్టి ప్రభుత్వం దృష్టిలో ఆ మనిషి అసలు పడనే లేదు. ఎన్ని విలువైన ప్రమాదాలు ఇలా వేస్ట్ చేసుకున్నామో!

గాయాల విషయంలోనూ మనకి శ్రద్ధ లేదు. మోకాలు చీరుకుపోతే చాలదు. ఎముక విరగాలి, లేదా పన్ను విరగాలి, అదీ కాదంటే 15 రోజులు ఏ పనీ చేసుకోలేకుండా మంచం పట్టాలి. ఐపీసీ రోజుల్లో ఇది 20 రోజులు, 2024 జులైలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత దయతలచి 5 రోజులు తగ్గించింది. మాలాంటి వెనకబడ్డ చౌరస్తాలకి ఎంత ఊరట! అయినా మనవాళ్లు పదో రోజుకే కట్టు కట్టుకుని ఆఫీసుకి పోతున్నారు.

అలాగని మేం ఖాళీగా కూర్చోలేదు. రోడ్ల కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలట. మేం మిగిలిపోయిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి కాలనీ రోడ్డుకి అడ్డంగా పోసింది ఎత్తులో దానికి రెట్టింపు, వెడల్పు ఒక్క అడుగు. పెయింట్ వెయ్యలేదు, ముందే కనిపిస్తే బ్రేక్ వేసేస్తారు. మలుపులో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కూడా కట్టాం, వచ్చే లారీ కనబడకపోతే దాటేవాళ్లకి టెన్షన్ ఉండదని.

చలాన్లున్నాయిగా అంటారు కొందరు. తెలంగాణలో బైకుల బకాయి చలాన్ల మీద 2022లో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. ఓపిక పడితే రేటు పడిపోతుందని రెడ్ సిగ్నల్ దాటేవాడికి బాగా తెలుసు. వెంటనే కట్టినవాడే పిచ్చోడయ్యాడు.

అందుకే వచ్చే మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నా. ఇకమీదట ఎవరూ రాజీపడకూడదు, కుంటుకుంటూ అయినా స్టేషన్‌కెళ్లి రాయించాలి. పెట్రోల్ బంకు అవతల పడొద్దు, అది పక్క చౌరస్తా ఖాతాలోకి పోతుంది, వాళ్లు మనకంటే ముందు క్వాలిఫై అయిపోతారు. సెక్రటరీ గారు రిజిస్టర్ కొంటానన్నారు. ఆ 10 మందిలో మొదటి పేరు ఎవరిది రాద్దాం అంటే మాత్రం ఏ బ్లాక్ వాళ్లు ఆ బ్లాక్, పక్క బ్లాక్ వైపు చూపిస్తున్నారు.