గోడమీది 14001 సర్టిఫికెట్ గారికి

పర్యావరణాన్ని చూసుకునే వ్యవస్థ ఒకటి మా దగ్గర ఉందని అంతర్జాతీయ ప్రమాణం పేరిట చాటే మహారాజశ్రీ ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ గారి దివ్యసముఖమునకు, పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే ఒక చిన్న కర్మాగారం నుంచి, మిమ్మల్ని అద్దం కట్టించి గోడకెక్కించిన విధేయుడు చేసుకునే విన్నపం.

మీరు మా గడప తొక్కింది పర్యావరణం మీద మాకు హఠాత్తుగా పుట్టిన ప్రేమ వల్ల కాదని మీకూ తెలుసు. మా సరుకు కొనే కంపెనీ, ఫలానా తేదీలోగా మీరు లేకపోతే ఆర్డరు ఉండదని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం పాతదే. మీరు పుట్టింది 1996లో. 1999లోనే ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ సరఫరాదారులకు గడువులు పెట్టేశాయి. ఫోర్డ్ అయితే 2001 చివరికి కనీసం ఒక ప్లాంటుకు, 2003 జూలై కల్లా తనకు సరుకు పంపే ప్లాంట్లన్నింటికీ మీరు ఉండాలన్నది. అయినా మిమ్మల్ని స్వచ్ఛంద ప్రమాణమనే అంటారు, నిజమే మరి, ఆర్డర్లు వదులుకునే స్వేచ్ఛను మాకెవరూ కాదనలేదు. మీ రాకకైన ఖర్చు మాది. ధర ఇంకొంచెం తగ్గించమన్న ఉత్తరం కూడా ఆ వారమే వచ్చింది.

మా పనుల్లో ఏది పర్యావరణాన్ని ఎలా తాకుతుందో రాసే రిజిస్టరును మా సలహాదారు ఇంకెవరి దగ్గరినుంచో తెచ్చి పేరు మార్చి ఇచ్చారు. పేరు మార్చారు గాని లోపలి సంగతులు మార్చలేదు కనుక, మాకు లేని పెయింటు షాపు నుంచి వెలువడే ఆవిరులను మేము మూడు నెలల పాటు నియంత్రించాము. ఇక ఏ ప్రభావానికి ఎన్ని మార్కులో వేసేది మేమే, ఎన్ని మార్కులు దాటితే అది ముఖ్యమైనదో తేల్చేదీ మేమే కావడంతో, ఆఫీసు కాగితం వృథా ముఖ్యమైన జాబితాలోకి, యంత్రాలను చల్లబరచడానికి వాడేసిన కూలెంటు ద్రవం ముఖ్యం కాని జాబితాలోకి వెళ్లాయి. కాగితం తగ్గించడం తేలిక గదా! మాక్ డ్రిల్ రోజున ఊహాత్మకమైన డ్రమ్ము ఊహాత్మకంగా కారగా నలుగురం పరుగెత్తి ఇసుక పోశాము, ఫోటోలు దిగాము. మూలనున్న అసలు డ్రమ్ము మాత్రం ఆ సందడిలోనూ నింపాదిగా కారుతూనే ఉంది.

ఇంతకీ దోషం మీది కాదు. మా కాలువ నీళ్లు శుభ్రంగా ఉన్నాయని మీరు ఎక్కడా చెప్పలేదు. ఉద్గారాలకు ఇంత హద్దు అని మీ ప్రమాణంలో ఒక్క అంకె కూడా ఉండదు. చట్టాన్ని పాటిస్తామని, కాలుష్యాన్ని నివారిస్తామని, మెరుగుపడుతూ ఉంటామని మాట ఇమ్మంటారు, ఆ మాటకు తగ్గ వ్యవస్థ ఉందో లేదో చూడమంటారు. కనుక ఒకే పని చేసే రెండు కర్మాగారాల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు మురికి వదులుతున్నా, చట్టం గీత దాటనంతవరకు ఇద్దరి గోడలమీదా మీరే వేలాడవచ్చు. ఈ సంగతి కొనుగోలుదారు చదవలేదు, ఆయన అడిగేది మీ చెల్లుబాటు ఎప్పటిదాకా అన్న తేదీ ఒక్కటే. 2015 కూర్పులో బాధ్యతంతా పై యాజమాన్యం మీద పెట్టారు, మా యజమాని గారు సమీక్షా సమావేశపు మినిట్స్ మీద సంతకంతో దాన్ని నిర్వర్తిస్తున్నారు. వాతావరణ మార్పు మనకు సంబంధించినదో కాదో తేల్చమని 2024లో ఒక సవరణ రాగా, 'సంబంధించినదే' అని అదే మినిట్స్‌లో ఒక పంక్తి చేర్చి ఆ అధ్యాయం ముగించాము.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మీ కోసం కరెంటు లెక్క రోజూ రాయాల్సి రావడంతో, యంత్రాలన్నీ ఆగిన సెలవు రోజున కూడా వాటికి గాలిని ఒత్తి పంపే కంప్రెసరు ఎందుకు తిరుగుతోందన్న అనుమానం వచ్చి వెతికితే, గాలి గొట్టానికి చిల్లి దొరికింది. దాన్ని పూడ్చాము. ఇది ఏ ఫైలులోనూ లేదు, ఎందుకంటే సలహాదారు ఇచ్చిన నమూనాలో అందుకు గడి లేదు.

మీ ఆయుష్షు మూడేళ్లే అయినా వ్యవస్థ ఇంకా నడుస్తోందో లేదో చూసే నిఘా ఆడిట్ ఏటేటా తప్పదు, అది వచ్చే వారమే. మీ అద్దం నేనే స్వయంగా తుడిచాను. ఆ గుడ్డకు కొంచెం నూనె అంటింది. దాన్ని ఏ రంగు డబ్బాలో వేయాలో పద్ధతి పత్రంలో వెతుకుతూ, అది దొరికేవరకు జేబులోనే పెట్టుకుని ఉన్నాను.

ఇట్లు,
తమ విధేయ సరఫరాదారు