మోడల్ రైలింజను సౌండు ఎంపీత్రీ లూపు కాదండి బాబూ

మా గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి తెగ తిరుగుతోంది. మోడల్ రైలింజన్లలో డీజిల్ సౌండంతా బూటకం, చిప్పులో ఒక రికార్డింగు పెడతారు, కరెంటు పెంచితే అదే ఫాస్టుగా తిరుగుద్ది, ఏ ఇంజనుకైనా ఒకటే సౌండు, పైగా అంత బుల్లి స్పీకర్లోంచి డీజిల్ హోరు రావడం అసాధ్యం అని. చౌకరకం బొమ్మల సంగతైతే నిజమే కావొచ్చు, కానీ హాబీ మొత్తాన్నీ దాంతో కలిపేసి మోసం అనేస్తే ఒప్పుకోలేనండి.

"కరెంటు పెంచితే సౌండు ఫాస్టవుద్ది" అన్నారు. డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతిలో బండి ఆగున్నా సరే పట్టాల మీద ఓల్టేజీ ఎప్పుడూ ఫుల్లుగానే ఉంటుంది, కమాండ్లు అందులోనే డిజిటల్ సిగ్నల్‌గా వెళ్తాయి, ఇంజనులో ఉన్న డీకోడర్ అనే చిప్పు తన నంబరుకి వచ్చిన కమాండే తీసుకుంటుంది. అందుకే స్టేషన్లో ఆగిన మోడల్ కూడా ఐడిల్లో గుడగుడలాడుతూనే ఉంటుంది.

అసలు పెద్ద తప్పు ఇంకోటుంది. డీజిల్ సౌండు చక్రాల స్పీడుని బట్టి మారదండి, లోడుని బట్టి మారుద్ది. నిజం రైల్లో డీజిలింజను తిప్పేది జనరేటర్ని, ఆ కరెంటు వెళ్ళి ఇరుసుల మీద మోటార్లని తిప్పుద్ది. కరెంటు లైను రాకముందు భీమవరంలో నర్సాపురం బండి కదలడం చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, డ్రైవరు నాచ్ (పవర్ పెంచే మెట్టు) ఎక్కించగానే ఇంజను హోరెత్తిపోయేది, నల్లటి పొగ, టర్బో ఈల, చక్రాలు మాత్రం ఇంకా అరచుట్టు కూడా తిరిగేవి కాదు. ఊపందుకున్నాక నాచ్ దించేస్తే బండి పరిగెడుతూనే ఉండేది, సౌండు మాత్రం ఐడిల్‌కి పడిపోయేది. ఒకే రికార్డింగుని ఫాస్టుగా తిప్పితే ఇది వస్తుందా చెప్పండి?

మంచి డీకోడర్లో ఐడిల్‌కి ఒక రికార్డింగు, నాచ్‌లకి వేరేవి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మధ్యలో వచ్చేవి ఇంకా వేరు. ఆ డీకోడరే సెకనుకి చాలాసార్లు మోటారుకి కరెంటు రెప్పపాటు ఆపుద్ది, ఆ క్షణంలో తిరుగుతున్న మోటారే జనరేటర్లా వెనక్కి ఓల్టేజీ ఇస్తుంది, దాన్ని కొలిచి అసలు స్పీడెంతో తెలుసుకుంటుంది. ఎత్తు ఎక్కుతూ బండి స్లో అయితే పవర్ పెంచుద్ది, ఎంత పెంచాల్సొచ్చిందో చూసి లోడు పట్టేసి సౌండుని పై నాచ్‌కి తీసుకెళ్తుంది. లోక్‌సౌండ్, సునామీ లాంటి డీకోడర్లు ఇలాగే పనిచేస్తాయి.

"ఏ ఇంజనుకైనా ఒకటే సౌండు" అనేది అస్సలు కాదు. రికార్డింగులు అసలు ఇంజన్ల దగ్గర తీసినవి. మన రైల్వే డీజిల్ బండి డబ్ల్యూడీఎం-2లో ఉండేది ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైను ఇంజను, 16 సిలిండర్లు, ఫోర్ స్ట్రోకు, 2600 హార్స్‌పవర్. ఇంకో రకం డబ్ల్యూడీజీ-4లో ఉండేది ఈఎండీ అనే మరో అమెరికా కంపెనీది, టూ స్ట్రోకు. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకీ ప్రతి సిలిండరూ పేలుద్ది, ఫోర్ స్ట్రోకులో రెండు చుట్లకి ఒకసారే, సౌండు ఒకేలా ఎలా ఉంటుంది?

ఇక స్పీకరు. చెరువు గట్టు మీద ఆయిలింజనుది ఒకే సిలిండరు కాబట్టి దెబ్బలు విడివిడిగా వినపడతాయి, ఆల్కో నిమిషానికి 400 చుట్ల ఐడిల్లో కూడా సెకనుకి 53 పేలుళ్ళు, అన్నీ కలిసి గుర్రు అయిపోద్ది. ఆ 53 హెర్ట్జ్‌ని బుల్లి స్పీకరు పలికించలేదు, అంతవరకు ఆ మెసేజి కరెక్టే. కానీ దాని రెట్టింపులు, మూడింతలు, ఇంకా పైవి కూడా సౌండులో ఉంటాయి, పైవి వినపడితే కింద స్వరాన్ని మన మెదడే పూరిస్తుంది. స్పీకరు వెనక బాక్సు సందు లేకుండా సీలయి ఉండాలి, లేకపోతే ముందు సౌండూ వెనక సౌండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పీలగా వస్తుంది. మీ మోడల్ అలా వస్తుంటే డీకోడర్ని తిట్టేముందు ఆ బాక్సు అంచులు చూడండి.