ఎముకలో క్షయ, నిబంధనలో చిల్లు

ప్రమాదంలో తొడ ఎముక నుజ్జయినప్పుడో, కేన్సర్ గడ్డతో పాటు ఎముకనూ కోసి తీయాల్సి వచ్చినప్పుడో ఏర్పడే పెద్ద ఖాళీని పూడ్చడానికి రోగి తుంటి నుంచి తీసే ముక్క తరచూ చాలదు. అప్పుడు చాలాసార్లు దాత ఎముకే దిక్కు. ఆ ఎముక వెంట క్షయ కూడా రోగి ఒంట్లోకి చేరగలదని అమెరికాలో రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు రుజువైంది.

2021లో అజియో బయోలాజిక్స్ సంస్థ విక్రయించిన ‘ఫైబర్‌సెల్’ అనే సజీవ కణాల ఎముక పదార్థాన్ని 18 రాష్ట్రాల్లో 113 మందికి, ఎక్కువగా వెన్నెముక శస్త్రచికిత్సల్లో, అమర్చారు. అంతా ఒకే దాతది. 87 మందిలో క్షయ ఆనవాళ్లు బయటపడ్డాయి. ముగ్గురి మరణానికి ఆ వ్యాధే కారణమని తేలింది. దాత కణజాలానికి క్షయ పరీక్ష చేసి తీరాలన్న నిబంధనే అప్పటికి లేదు, చేయడం మానడం కంపెనీ ఇష్టం. 2023లో అదే సంస్థకు చెందిన మరో ఉత్పత్తిని ఏడు రాష్ట్రాల్లో 36 మందికి అమర్చాక అదే కథ, మళ్లీ మరణాలు. ఈసారి పరీక్ష జరిగింది. కానీ ఏ పరీక్ష? సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే వేగవంతమైన పరీక్ష. అందులో ఏమీ కనబడలేదు.

అంతకంటే నమ్మదగినది కల్చర్ పరీక్ష, అంటే నమూనాలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూడటం. క్షయ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది కనుక దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అతిశీతల స్థితిలో భద్రపరిచే ఎముకను అన్నాళ్లు ఆపి ఉంచడం వైద్యపరంగా అసాధ్యమేమీ కాదు. గామా కిరణాలతో శుద్ధి చేద్దామంటే సజీవ కణాలు చనిపోతాయి, అంటే ఆ ఉత్పత్తికి ఉన్న ప్రత్యేకతే పోతుంది. కాబట్టి మిగిలిన రక్షణ పరీక్షే. దానిని ఎంచుకునే అధికారం సరుకు అమ్ముకునేవాడి చేతిలో ఉండటమే మా అభ్యంతరం.

నిబంధనలు బిగిస్తే ఖర్చు పెరుగుతుందని, ఎముక కోసం ఎదురుచూసే రోగులు నష్టపోతారని పరిశ్రమ వాదిస్తోంది. దాత ఎముకలతో కోలుకున్నవారు అసంఖ్యాకమన్నది నిజమే. అయినా 2021లోనే కల్చర్ పరీక్షను తప్పనిసరి చేసి ఉంటే 2023 నాటి ఆ 36 మందికి ఈ గతి పట్టేదా? ఈ ప్రశ్నకు పరిశ్రమ దగ్గర జవాబు లేదు.

ఇది పరాయి దేశపు గొడవ అనుకోవడానికి వీల్లేదు. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. క్షయ లేని దాతను గుర్తించడం ఇక్కడ మరింత కష్టం. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 1988 నుంచే కణజాల బ్యాంకు (దాతల ఎముక వంటివాటిని భద్రపరిచే కేంద్రం) ఉంది. అయినా అవయవదాన చట్టంలోకి కణజాలాన్ని చేర్చడానికి కేంద్రానికి 2011 దాకా తీరిక దొరకలేదు. ఆ సవరించిన చట్టాన్ని తెలంగాణ శాసనసభ స్వీకరించింది 2025 మార్చిలో. పద్నాలుగేళ్ల ఆలస్యం! దాత ఎముకకు కల్చర్ పరీక్ష, ఏ దాత ముక్క ఏ రోగికి వెళ్లిందో తెలిపే నమోదు, రెండింటినీ తప్పనిసరి చేస్తూ వైద్యారోగ్య శాఖ వెంటనే ఉత్తర్వులివ్వాలి. బ్యాంకుల విచక్షణకు వదిలేస్తామంటే, అమెరికాను చూసి నేర్చుకోవాల్సిన తప్పును అధికారులు తెలిసి తెలిసి నెత్తికెత్తుకున్నట్టే.